బాణాలు చెక్కేవాడికి తెలియదు

శ్రోతలకు నమస్కారం.

భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజుకు ఒక అవధూత తారసపడతాడు. చీకూచింతా లేకుండా తిరుగుతున్న ఆయన్ని చూసి, ఇంత నిశ్చింత నీకెలా అబ్బిందని రాజు అడుగుతాడు. నాకు ఇరవై నలుగురు గురువులున్నారంటాడు అవధూత. ఎవరయ్యా వాళ్లంటే భూమి, గాలి, సముద్రం, తేనెటీగ, కొండచిలువ, సాలెపురుగు! మనుషులూ కొందరున్నారు గానీ వారిలో గురుకులం నడిపేవాడు ఒక్కడూ లేడు.

ఒక పెళ్లికాని పిల్ల ఉంది. ఇంట్లో వాళ్లెవరూ లేనప్పుడు ఆమెకు పెళ్లిచూపులని కొందరు వచ్చారు. వాళ్లకు అన్నం పెట్టాలంటే వడ్లు దంచాలి. దంచుతుంటే చేతిగాజులు గలగలమంటున్నాయి. ఇంట్లో బియ్యం కూడా లేవని బయట కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుందని సిగ్గుపడి, ఒక్కో గాజూ పగలగొట్టుకుంటూ వచ్చి చివరికి చేతికొకటి మిగుల్చుకుంది. ఒంటరిగా ఉంటే గొడవ ఉండదని అటు పోతున్న అవధూత నేర్చుకున్నాడు. ఇంకొకడు బాణాలు చెక్కేవాడు. రాజుగారు మేళతాళాలతో పక్కనుంచే పోయినా అతను తలెత్తలేదు. ఏకాగ్రతకు అతనే గురువు.

ఆ పిల్లకు గానీ, బాణాలు చెక్కేవాడికి గానీ తాము ఒకరికి పాఠం చెప్పామని తెలియనే తెలియదు. నాకు ఈ కథలో నచ్చేది అదే.

సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజని సెప్టెంబరు 5న బడిలో చదువు చెప్పినవారిని తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. బడి బయట నేర్పినవాళ్లకు మాత్రం క్యాలెండర్‌లో తేదీ లేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా చేలో ఊడ్పులు జరుగుతుంటే సరదాకి మడిలో దిగాను. ఎకరానికి ఇంతని గుత్తకు ఒప్పుకున్న ముఠా అది. మేస్త్రి ఒక నడివయసు ఆవిడ. వద్దనలేదు, ఒక నారుకట్ట నా చేతిలో పెట్టి పక్కన నిలబెట్టుకుంది. మొక్కను లోతుగా గుచ్చితే గట్టిగా నిలుస్తుందని ఎవరమైనా అనుకుంటాం. ఆవిడ వేళ్లు మాత్రం బురదలో కాస్త దిగి పైకొచ్చేసేవి. “పైపైన పెట్టు బాబూ, లోతుకెళితే పిలక రాదు” అంది. నారు ముదిరితే కుదురుకు మరో రెండు మొక్కలు కలపాలనీ చెప్పింది. రెండు మూడు సెంటీమీటర్ల లోతు మించకూడదని ఎన్నో ఏళ్ల తర్వాత ఒక వ్యవసాయ కరపత్రంలో చదివి నవ్వుకున్నాను. ఆవిడకు సెంటీమీటరు ఏమిటో తెలియదు, లోతు తెలుసు.

అసలు పాఠం వేరే ఉంది. ఊడ్చేవాళ్లు వెనక్కి నడుస్తారు కదా. నాటింది కళ్ల ముందుంటుంది, నాటాల్సింది వీపు వెనక ఉంటుంది. నేను మాటిమాటికీ వెనక్కి తిరిగి ఇంకా ఎంత ఉందా అని చూస్తుంటే, “అటు చూస్తే నడుంనొప్పి ముందొస్తుంది. పెట్టింది చూసుకో, వంకర రాదు” అంది. ఉద్యోగంలో నెలల తరబడి సాగే పనులు నెత్తినపడి టెన్షన్ పెరిగినప్పుడల్లా నన్ను నిలబెట్టింది ఆ మాటే. ఆ తర్వాత మేనేజ్‌మెంట్ క్లాసులూ విన్నాను, వాటిలో ఇంత పనికొచ్చిన ముక్క గుర్తులేదు.

మా ఊరి బస్సు కండక్టరు ఒకాయన ఉండేవారు. చిల్లర లేకపోతే ఇవ్వాల్సింది టికెట్ వెనక రాసేవారు. దిగేవాళ్లు మరిచిపోయి వెళ్తుంటే, పిలిచి మరీ ఇచ్చేవారు. పరాయి రూపాయిని ఎలా చూడాలో నాకు చూపించింది ఆయనే.

ఇక్కడో మాట. అడగకుండానే సలహాలిచ్చే పెద్దమనుషులు మనకు కొదవలేదు. వాళ్లను నేను ఈ లెక్కలో వేయను. చేసి చూపించినవాళ్లే నా లెక్కలో ఉన్నారు.

పేరున్న గురువులు కూడా ఇలాంటివాళ్ల దగ్గర కూర్చున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. అప్పటికి దానికి లిపి లేదు, పుస్తకం లేదు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కో మాటా అడిగి నేర్చుకున్నారు. కొండల్లో తిరిగితే మలేరియా వచ్చింది, క్వినైన్ వాడకం వల్ల వినికిడి పోయింది. చెవితో నేర్చుకోవాల్సిన భాష కోసం చెవులే ఇచ్చేశారాయన! 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. గిడుగువారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ సభల్లో, ఆయన ముందు కూర్చుని ఓపికగా ఉచ్చారణ దిద్దిన ఆ సవర గురువుకు కూడా ఒక దండ పడాలని నా కోరిక.

పూర్వం వీధిబడి పంతులుగారు దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు. పంతులుగారికి డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు. గురువుకు ఇవ్వాల్సింది చేతిలోనే పెట్టేవాళ్లు. ఇప్పుడు శాలువా కప్పి ఫొటో తీసుకుంటున్నాం. శాలువాతో ఏ ఇల్లూ గడవదు. మేస్త్రికి ఊడ్పుకూలి బేరమాడకుండా ఇస్తే అది గురుదక్షిణ కిందే లెక్కని నేననుకుంటాను.

ఆ మధ్య ఊరెళ్లినప్పుడు ఆవిడ కనిపించింది. ఇప్పుడు ముఠా కోడలి చేతికొచ్చింది. నువ్వు నేర్పిన మాట ఇన్నేళ్లూ నాకు పనికొచ్చిందని చెప్పాను. ఆవిడ కాసేపు గుర్తు చేసుకుని నవ్వింది.

“నేనేం నేర్పాను బాబూ! నువ్వెప్పుడు గట్టెక్కుతావా అని చూశాను. నీ వరస మళ్లీ ఊడ్చుకునేసరికి పొద్దుపోయింది మాకు.”

నమస్కారం.