పింఛను కానుక కాదు, చట్టం చెయ్యండి!

నమస్కారమండీ. ఆంధ్రాలో సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే ధ్రువపత్రం, రీ-వెరిఫికేషన్ గొడవ మీ అందరికీ తెలిసిందే. 2025లో దివ్యాంగుల పింఛన్లకు నోటీసులు వెళ్లాయి. నడవలేనివాళ్లు కూడా మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. అర్హులా, అనర్హులా అని టీవీల్లో ఒకటే అరుపులు. ఒక్కరైనా ఈ ప్రశ్న అడిగారా? అసలు ఈ పింఛను ఏ చట్టం ప్రకారం ఇస్తున్నారు?

చట్టం లేదండీ. మళ్లీ చెబుతున్నా, లేదు. ముసలివాళ్లకు, వితంతువులకు నెలనెలా ఇంత ఇచ్చి తీరాలి, ఆపాలంటే ముందు వాళ్ల మాట వినాలి అని చెప్పే చట్టం ఢిల్లీలో లేదు, అమరావతిలో లేదు, హైదరాబాద్‌లో లేదు. ఉన్నవి జీవోలు, మార్గదర్శకాలు. ఈ రోజు ఒక జీవో ఇస్తారు, రేపు ఇంకో జీవోతో మారుస్తారు.

రాజ్యాంగం 41వ అధికరణం ఏం చెప్పింది? నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం వస్తే రాజ్యం ఆదుకోవాలంది. కానీ అది ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లి డబ్బు రాబట్టలేం. కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం పెట్టింది. అప్పుడు వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. 2006లో 200 చేశారు. తర్వాత 80 ఏళ్లు నిండినవాళ్లకు 500 చేశారు. 80 నిండని ముసలివాళ్లకు కేంద్రం వాటా ఇప్పటికీ ఆ 200 రూపాయలే! కిలో కందిపప్పు, అర లీటరు నూనె కొంటే అయిపోయింది. ఆంధ్రాలో అవ్వ చేతికొచ్చే 4,000లో కేంద్రం పెట్టేది ఇంతే.

ఇంకో ఘోరం వినండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం వైకల్యాన్ని ప్రమాణంగా పెట్టుకుంది. కేంద్రం పింఛను కావాలంటే మాత్రం 80 శాతం ఉండాలి! అంతా ఉన్నా ఇచ్చేది 300. ఒకే ప్రభుత్వం, ఒకే మనిషి, రెండు కొలతలు. ఈ పాత కాగితాలన్నీ కుప్పేసి ఒక్క చట్టంగా రాయడానికి ఇంతకాలం ఏం అడ్డొచ్చింది?

నా లెక్క చెబుతా. ఆంధ్రాలో ఈ పింఛనుకు పెట్టిన పేర్లు చూడండి. ఒకాయన వస్తే వైఎస్సార్ పెన్షన్ కానుక, ఇంకొకాయన వస్తే ఎన్టీఆర్ భరోసా. కానుక అట! అరవై ఏళ్లు పొలంలో నడుం వంచిన మనిషికి కానుకేంటండీ? చట్టం చేస్తే అది హక్కు అయిపోతుంది. హక్కు మీద బొమ్మ వేసుకోలేరు. ఒకటో తారీఖున "మేమే ఇచ్చాం" అని చెప్పుకోలేరు. అందుకే మన దగ్గర ఏ పార్టీ కూడా చట్టం జోలికి పోదు. నేను ఇది గట్టిగా నమ్ముతున్నా.

కుదరదంటారా? రాజస్థాన్ 2023లో చేసి చూపించింది. కనీస ఆదాయ హామీ చట్టంలోనే పింఛను పెట్టారు. ఏటా 15 శాతం పెరగాలి, జులైలో 5, జనవరిలో 10 అని అందులోనే రాశారు. ఎన్నికలొచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు. రేషన్ బియ్యం చూడండి, 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక హక్కయింది. బియ్యానికి కుదిరింది పింఛనుకు ఎందుకు కుదరదు?

మీ ఇంట్లో ఎవరికైనా పింఛను నోటీసు వచ్చుంటే ఇప్పుడే తీసి చూడండి. మీ పింఛను ఏ చట్టం, ఏ సెక్షన్ కింద వస్తోందని రాశారో వెతకండి. కనిపించింది జీవో నంబరే అయితే ఆ నంబరు కామెంట్లో పెట్టండి. జిల్లా పేరు కూడా రాయండి. వచ్చే వీడియోలో ఆ జీవోలు ఒక్కొక్కటీ తీసి చదువుతా.