కుక్కకాటు, చెప్పుదెబ్బ, గోనెపట్టా

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక కుటుంబం మా క్లినిక్‌కి వచ్చింది. తండ్రికి రెండు చేతుల మీదా మోచేతి దాకా గీతలు. తల్లి చీర అంచు పీలికలై వేలాడుతోంది. పదేళ్ల కొడుకు అసలు లోపలికే రాలేదు, ఆటోలోనే కూర్చున్నాడు. ఇంతమందిని హడలగొట్టిన ఘనుడు మాత్రం ప్లాస్టిక్ బుట్టలో వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. వయసు 11 వారాలు, బరువు 7 కిలోలు, బెల్జియన్ మాలినోయిస్ జాతి కుక్కపిల్ల.

“డాక్టర్ గారూ, దీనికి పిచ్చిగానీ ఎక్కిందా? కుక్కకాటుకు చెప్పుదెబ్బ అంటారు కదా అని చెప్పుతో కూడా కొట్టి చూశాం. కొట్టేకొద్దీ ఇంకా మీదికొస్తోంది” అన్నాడాయన.

పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. పుట్టుకతో వచ్చిన ఉద్యోగం అది చేసుకుంటోంది.

మాలినోయిస్‌కి ఆ పేరు బెల్జియంలోని మాలీన్ అనే ఊరి నుంచి వచ్చింది. గొర్రెల మందల్ని తోలడం దాని మొదటి పని. జర్మన్ షెపర్డ్‌దీ అదే పని. 1899లో జర్మనీలో ఆ జాతికి సంఘం పెట్టిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అందం కంటే పనే ముఖ్యం అనేవాడు. తర్వాత ఆ జాతి రెండు పాయలైంది. ప్రదర్శనల కోసం పెంచేది షో లైన్, పోలీసు పనికీ సైన్యానికీ పెంచేది వర్కింగ్ లైన్. పట్టు పడితే వదలనిది, దెబ్బ తగిలినా వెనక్కి తగ్గనిది ఏదో చూసి, దాని పిల్లల్నే ఉంచుకుంటూ వచ్చారు. 2011లో బిన్ లాడెన్ ఇంటి మీద దాడికి వెళ్లిన అమెరికా బృందంలో కైరో అనే కుక్క ఉంది, అది మాలినోయిసే. మన సీఆర్‌పీఎఫ్ దగ్గరా ఈ జాతి పనిచేస్తోంది. ఆ వీడియోలు చూసి ముచ్చటపడి, మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి ఒక పిల్లను తెచ్చుకుంటాం. వీడియోలో నచ్చిన ఆ పట్టే సాయంత్రం మన పిక్క మీద పడేసరికి ‘అగ్రెషన్’ అంటాం.

ఇలాంటి పిల్లను కొడితే ఏమవుతుందో ఆ తండ్రి నోటితోనే విన్నారుగా. మామూలు పిల్ల దెబ్బకు జంకి మూలకు పోతుంది. ఇది దెబ్బను ఆటలో తర్వాతి రౌండ్ అనుకుంటుంది. వెల్లకిలా పడేసి అదిమి పట్టండి, మీరే బాస్ అని తెలుస్తుంది అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ బాస్ కథకు మూలం, బంధించి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త రాసిన పరిశీలన. అడవిలో తోడేళ్ల గుంపు అంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలూనని తోడేళ్ల మీద పరిశోధన చేసిన డేవిడ్ మెక్ 1999లోనే వివరంగా రాశాడు. మన వీధుల్లో ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

నేను అడిగిన మొదటి ప్రశ్న, “రోజుకి ఎన్ని గంటలు పడుకుంటుంది?” భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటికి చుట్టాలు, అబ్బాయి స్నేహితులు, ఎవరొచ్చినా దాన్ని లేపి ఆడించడమే. ఈ వయసు పిల్ల రోజులో 18 గంటల దాకా నిద్రపోవాలి. నిద్ర చాలని పసిబిడ్డ ఎలా ఏడుస్తాడో, నిద్ర చాలని కుక్కపిల్ల అలా కరుస్తుంది. సాయంత్రం ఏడింటికి సోఫా నుంచి సోఫాకి దూకుతూ కనిపించినవన్నీ పట్టి పీకుతోందంటే అలసట తలకెక్కిందని అర్థం. గంట సేపు మెలకువ, తర్వాత కేజ్‌లో, పైన దుప్పటి కప్పి, రెండు గంటల నిద్ర. మొదటి వారం ఇదొక్కటే చేయమన్నాను. ఫీజు తీసుకుని ‘పడుకోబెట్టండి’ అంటే ఆయనకు పెద్దగా నచ్చినట్టు లేదు.

రెండో ప్రశ్న, ఎన్నో వారంలో తెచ్చారని. ఐదో వారంలోనట. తోబుట్టువును గట్టిగా కరిస్తే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత కొరికితే నొప్పో పిల్ల నేర్చుకునేది అలాగే. ఆ బడి మానిపించి తెచ్చేశారు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల్లోనే ఉంది. అమ్మినవాడు చెప్పడు, కొన్నవాళ్లు అడగరు.

ఇక అసలు పని. కరవడం మానిపించలేం, మానిపించకూడదు కూడా. ఏది కరవాలో నేర్పాలి. దీనికి ఖరీదైన బొమ్మలేవీ అక్కర్లేదు, పాత గోనెసంచి చాలు. జానెడు వెడల్పున, చేతి పొడవున ఒక పట్టా కత్తిరించి అంచులు కుట్టండి. పిల్ల మీ చేతిని పట్టిందా, చెయ్యి లాక్కోకండి. లాగిన చెయ్యి పారిపోయే ఎలుక, పట్టు ఇంకా బిగుస్తుంది. చేతిని కర్రలా ఆపేసి, రెండో చేత్తో గోనెపట్టాను నేల మీద దాని మూతికి దూరంగా జరజరా లాగండి. చెయ్యి వదిలి పట్టా మీద పడుతుంది. కాసేపు లాగి, దాన్ని గెలవనివ్వండి. తర్వాత పట్టాను కదలకుండా పట్టుకుని, ముక్కు దగ్గర ఉడికించిన చికెన్ ముక్క పెట్టి ‘వదులు’ అనండి. వదలగానే ముక్క, వెంటనే మళ్లీ ఆట. వదిలితే ఆట పోదని తెలిసిన కుక్కే చెప్పగానే వదులుతుంది.

పరిగెత్తే చిన్నపిల్లలు దాని కంటికి గొర్రెలే. అందుకని అబ్బాయికి ఒకటే నేర్పాం. అది మీదికొస్తే అరవకు, ఉరక్కు, చేతులు కట్టుకుని చెట్టులా నిలబడు. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఇద్దర్నీ ఒకచోట వదలకూడదు. ఇంట్లో తిరిగేటప్పుడు పిల్ల మెడకు రెండు మీటర్ల సన్నని తాడు వేలాడుతూ ఉంటే, మీద చెయ్యి వేయకుండానే పక్కకు తప్పించొచ్చు.

నాలుగో నెలలో పళ్లు రాలడం మొదలవుతుంది. 28 పాలపళ్లు పోయి 42 గట్టి పళ్లు వచ్చేసరికి ఆరేడు నెలలు. ఆ రోజుల్లో తడిగుడ్డను మెలిపెట్టి ఫ్రీజర్‌లో ఉంచి ఇస్తే చిగుళ్లకు హాయి.

ఇంతవరకూ చెప్పింది ఆటకాటు గురించి. గిన్నె దగ్గరికి వెళ్లగానే తినడం ఆపి, ఒళ్లు కొయ్యబారి, ఓరకంట చూస్తూ గుర్రుమంటే అది వేరే సంగతి. అప్పుడు గిన్నె లాక్కుని ‘ఎవడబ్బ సొమ్ము’ అనకండి. దూరం నుంచే ఒక మంచి ముక్క గిన్నెలోకి విసిరి వెళ్లిపోండి. రోజూ కొంచెం కొంచెం దగ్గరగా. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టొద్దు. అది హెచ్చరిక. హెచ్చరిక మాన్పిస్తే మిగిలేది చెప్పకుండా కరిచే కుక్క. వారం పది రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, చెవిపోటో కడుపునొప్పో కూడా కారణం కావచ్చు.

ఇంకొక్క మాట. మన ఇంటి పిల్లే కదా అని గాటును తేలిగ్గా తీసుకోవద్దు. రేబిస్ టీకా కుక్కపిల్లకు మూడు నెలలు నిండితే గానీ పడదు. పంటిగాటు పడితే సబ్బుతో, కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

భార్యాభర్తలిద్దరూ పొద్దున పోయి రాత్రి వచ్చే ఉద్యోగాలైతే ఈ జాతి మీకొద్దని మొహం మీదే చెబుతాను. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

ఆ కుటుంబం ఐదో నెలలో టీకాకి మళ్లీ వచ్చింది. ఈసారి ముందు దిగింది అబ్బాయే. నిక్కరు జేబులోంచి గోనెపట్టా కొస వేలాడుతోంది. దాన్నే చూస్తూ కుక్క కుదురుగా కూర్చుంది, తోక మాత్రం నేలను ఊడుస్తోంది. జామెట్రీ బాక్స్ తెరిచి, బియ్యపుగింజంత పాలపన్ను ఒకటి చూపించాడు, గోనెపట్టాలో ఇరుక్కుని దొరికిందట. వాళ్లమ్మ నవ్వుతూనే ఉంది గానీ, కుచ్చిళ్లు ఎత్తి నడుముకి దోపుకునే కూర్చుంది.

నమస్కారం.