పత్తికి వేప మందా, రసాయన మందా?

హోస్ట్: మేడమ్, సూటిగా అడిగేస్తాను. పత్తిలో పురుగుకు వేప మందు నిజంగా పనిచేస్తుందా, లేక రసాయనం కొట్టాల్సిందేనా?

అతిథి: పనిచేస్తుందండీ, కానీ మనం ఎదురుచూసే పద్ధతిలో కాదు. వేపలోని అజాడిరాక్టిన్ ముందు పురుగుకు ఆకు సహించకుండా చేస్తుంది. కాస్త తిన్నా, చర్మం విడిచి పెరగడానికి కావాల్సిన హార్మోన్‌ను దెబ్బతీస్తుంది. అలా కొన్ని రోజులకు చస్తుంది. కొట్టిన మర్నాడు చేలోకి వెళ్తే పురుగు కళ్లముందే తిరుగుతూ ఉంటుంది.

హోస్ట్: అది చూసి టెన్షన్ పడి ఇంకో మందు కొట్టేస్తారు.

అతిథి: అక్కడే చెడుతుంది. సింథటిక్ పైరిథ్రాయిడ్ అనే రకం రసాయన మందు అయితే నరాల మీద పనిచేస్తుంది, పురుగు వెంటనే పడిపోతుంది. ఆ వేగం చూశాక వేప మీద నమ్మకం కుదరదు.

హోస్ట్: వేగమే కదండీ కావాల్సింది?

అతిథి: కాయ మీద శనగపచ్చ పురుగు పడి, ఉధృతి నష్ట స్థాయి దాటితే వేగం కావాలి, కాదనను. కానీ అదే మందుకు, చెడ్డ పురుగులను తిని పంటకు మేలు చేసే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు కూడా పోతాయి. ఆకు అడుగున ఉన్న తెల్లదోమ చాలావరకు తప్పించుకుంటుంది. దాన్ని తినేవి లేవు కాబట్టి మునుపటికంటే ఎక్కువగా పెరుగుతుంది. పైరిథ్రాయిడ్లు పదేపదే కొట్టిన చోట తెల్లదోమ విరుచుకుపడటం పత్తిలో చాలాసార్లు చూశాం. శనగపచ్చ పురుగు కూడా ఊరుకోలేదు. ఆస్ట్రేలియా పత్తిలో 1983 కల్లా ఈ మందులకు తట్టుకోవడం మొదలుపెట్టింది.

హోస్ట్: వేపకు మాత్రం అలవాటు పడదా?

అతిథి: పడటం కష్టం. దీని మీద 1995లో ఒక చక్కని ప్రయోగం వచ్చింది. ఒక రకం పేనుబంకకు 40 తరాల పాటు అజాడిరాక్టిన్ ఒక్కటే ఇస్తే దాదాపు తొమ్మిది రెట్లు తట్టుకునే శక్తి వచ్చింది. వేప గింజల సారం మొత్తంగా ఇచ్చిన గుంపులో రాలేదు. గింజలో చాలా పదార్థాలు కలిసి ఉంటాయి, అన్నిటికీ ఒకేసారి అలవాటు పడలేదు పాపం!

హోస్ట్: అయితే మొక్క నుంచి వచ్చినదైతే భయం లేదన్నమాట.

అతిథి: అలా మాత్రం అనుకోకండి. పొగాకులోని నికోటిన్ కూడా మొక్క మందే, చర్మం గుండా ఒంట్లోకి ఎక్కి మనిషికే ప్రమాదం తెస్తుంది. అసలు పైరిథ్రాయిడ్లు కూడా చామంతి జాతి పూలలోని పైరిథ్రిన్‌ను చూసి తయారు చేసినవే. పువ్వు మందు ఎండకు విరిగిపోతుంది. ఎండకు నిలిచే పర్మెత్రిన్ అనే పైరిథ్రాయిడ్‌ను ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఎలియట్ బృందం 1973లో ప్రకటించింది. పొలంలో నిలవడమే దాని బలం, చిక్కు కూడా అదే.

హోస్ట్: వేప మందు ఎప్పుడు కొట్టాలి?

అతిథి: పచ్చదోమ, పేనుబంక అప్పుడే కనబడుతున్నప్పుడు, గుడ్ల నుంచి పిల్ల పురుగులు వస్తున్నప్పుడు. ముదిరిన పురుగు మీద ఫలితం తక్కువ. 5 కిలోల గింజల పప్పు దంచి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల ద్రావణం చేయాలి. ఆకుకు పట్టడానికి కొంచెం సబ్బు పొడి కలపాలి. ఎండకు త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం పూట, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి. గులాబీ రంగు పురుగు ఒకసారి కాయలోకి దూరిందంటే మాత్రం ఏ పిచికారీ కూడా సరిగా అందదు. అందుకే ఆడ పురుగు వాసనతో మగ పురుగులను లాగే లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు పడుతున్నప్పుడే మేలుకోవాలి.

హోస్ట్: చివరగా ఒకటి. రెండూ ఒకే ట్యాంకులో కలిపేయొచ్చా?

అతిథి: ముందు డబ్బా మీద లేబుల్ చూడండి. బోర్డో మిశ్రమం లాంటి క్షార గుణం ఉన్న మందులతో అసలు కలపొద్దు, అజాడిరాక్టిన్ విరిగిపోతుంది. నీళ్లలో కలిపింది కూడా రేపటికి దాచకుండా ఆ పూటే కొట్టేయండి.