ఇల్లు కొనేముందు ఆ ఇంటి ఆడపడుచుని అడగండి: వదినతో కబుర్లు

మరిది: సరే, రికార్డవుతోంది, మాట్లాడు వదినా. వింటున్నోళ్లకి చెప్పాలి కదా, మా అన్నయ్యా వదినా ఈమధ్యే విజయనగరం దాసన్నపేట వైపు పాత ఇల్లు ఒకటి కొన్నారు, ఇదే మొదటి ఇల్లు.

వదిన: కొన్నాం అనకు బాబూ, సగం పైన బ్యాంకోడిదే.

మరిది: (నవ్వు) ఇల్లు చూసాం అని చెప్పగానే జనాలు ఏటడిగారు?

వదిన: వాస్తు. ఇంకేటడుగుతారు! బోరు ఈశాన్యంలో ఉందా, వీధిపోటు ఉందా, ఆషాఢంలో అడ్వాన్సిస్తారేటి అని మా అత్త, అంటే మీ అమ్మే, వారం రోజులు ఒకటే గోల. లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు, ఉన్నాయా అని ఒక్కరడిగితే ఒట్టు.

మరిది: ఈసీ, అదే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసారు కదా, అందులో అన్నీ తెలిసిపోవా?

వదిన: అక్కడే అందరూ బోల్తా పడతారు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏటేటి రిజిస్టరయ్యాయో ఆ చిట్టా, అంతే. రిజిస్టర్ కానిది అందులో కనపడదు. పైగా ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతాది, మాదేమో 1978 దస్తావేజు, అందుకని పాతది ఆఫీసులో పుస్తకాలు తీయించి చూపించుకున్నాం. ఆ దస్తావేజు చూడాలి నువ్వు, మడతల దగ్గర చిరిగిపోయి వెనక సెల్లోటేపు, చేతిరాత కూడబలుక్కుని చదవాలి, హద్దుల్లో ‘ఉత్తరం: రస్తా’ అని ఉంది, నేనెళ్లి చూస్తే ఆ రస్తాలో పక్కింటోళ్ల బాత్రూం!

మరిది: ఓరి నాయనో.

వదిన: మన దారి దక్షిణం వైపులే, అది పోనీ. అసలు సంగతేటంటే ఈసీ శుభ్రంగా ఉంది, ఇల్లు మాత్రం చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉంది. అమ్ముతున్నది పెద్దకొడుకు. మీకు అప్పచెల్లెళ్లు ఉన్నారేటి అంటే, ఒక చెల్లి, పలాసలో ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఇవ్వాల్సిందంతా ఇచ్చేసాం, ఆవిడకేటి సంబంధం అన్నాడు.

మరిది: మన వైపు అందరూ అదే అంటారు కదా.

వదిన: అంటారు, చెల్లదు. తండ్రి తన సొంత సంపాదనతో కొన్న ఇల్లు, వీలునామా రాయకుండా పోయాడనుకో, భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా వస్తాది, ఆయన తల్లి బతికుంటే ఆవిడకీ వాటా, పెళ్లయిందా లేదా అన్న లెక్కే లేదు, ఇది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. తాతల నాటి ఆస్తయితే లెక్క వేరు. అందుకని ఆ కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఎమ్మార్వో ఆఫీసు నుంచి తెమ్మన్నాం, అందులో ఉన్నోళ్లందరూ సంతకం పెట్టాలి, లేదా ఆవిడ తన వాటా అన్నకి వదిలేస్తూ రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించాలి అన్నాం.

మరిది: ఒప్పుకున్నాడా?

వదిన: మొహం మాడ్చుకున్నాడు. ఆవిడ మాత్రం పలాస నుంచి ఒక జీడిపప్పు పొట్లం పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది, తల్లితో కలిసి తనూ అమ్మేవాళ్లలో ఒకరిగా సంతకం పెట్టి, తన వాటా చెక్కు తను పట్టుకెళ్లింది. నాకు భలే నచ్చిందిలే.

మరిది: డబ్బుల లెక్క చెప్పు. లోను వస్తాది కదా, చేతిలో ఎంతుండాలి?

వదిన: 40 లక్షల ఇల్లనుకో. బ్యాంకు 80 శాతం దాకా ఇస్తాది, అంటే 32. మిగతా 8 నీది. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి ఏడున్నర శాతం, అదో 3 లక్షలు, దానికి లోను కలవదు. అంటే 11 లక్షలు చేతిలో లేందే అడ్వాన్స్ మాటెత్తకు. కొందరు డ్యూటీ మిగులుతాదని కాగితం మీద ఇంటి ధర తక్కువ రాయిస్తారు, అలగైతే లోను కూడా ఆ తక్కువ మీదే లెక్కేస్తారు, మిగతాది ఎక్కడ్నుంచి తెస్తావు?

మరిది: మరి కొత్త ఫ్లాటయితే ఈ గోలేదీ ఉండదేమో?

వదిన: దాని గోల దానికుంది. 8 ఫ్లాట్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా, అంటే బిల్డర్ల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, ఇచ్చిన నంబరుండాలి, నంబరడిగి వాళ్ల వెబ్‌సైట్లో చూసుకోవడమే. అదలా ఉంచు, అడ్వాన్స్ సంగతి చెప్పాలి. అగ్రిమెంట్లో ఒక లైను రాయించాను, బ్యాంకు లాయరు కాగితాలు సరిగ్గా లేవంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కివ్వాలని. మా మీద నమ్మకం లేదేటమ్మా అన్నాడు మాకు ఇల్లమ్మిన ఆ పెద్దకొడుకు.

మరిది: ఏటన్నావు?

వదిన: నమ్మకం ఉంది కాబట్టే రాయించుకుంటున్నానండీ, లేకపోతే అడ్వాన్సే ఇచ్చేదాన్ని కాదు కదా అన్నాను. మీ అన్నయ్యేమో అవతల బండి తుడుచుకుంటూ కూర్చున్నాడు.