చిల్లు లేని అల్లిక

అందరికీ నమస్కారం అండి. మెల్బోర్న్ చలిలో, అదీ శనివారం పొద్దున్నే, పిల్లల్ని వెంటేసుకుని మరీ వచ్చారు, పిన్నిగార్లకీ అక్కలకీ చెల్లెళ్ళకీ అందరికీ థాంక్స్. నాకు స్టేజీ ఎక్కి మాట్లాడటం అలవాటు లేదండి, ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టే మాట్లాడతాను.

మాది నరసాపురం పక్కన పల్లెటూరు. లేసు ఊరు అంటే మీలో చాలామందికి తెలుసు. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు మా వైపు ఆడవాళ్ళకి ఈ పని నేర్పారని చెప్తారు, 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సొంత పని అన్న ప్రభుత్వ గుర్తింపు, కూడా వచ్చింది. మా అమ్మ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చునేది, ఒళ్ళో దారం ఉండ, చేతిలో సన్నటి స్టీలు క్రోషే సూది (కొస వంకీగా ఉంటుంది), కళ్ళు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ మీద, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. వారానికోసారి ఒకావిడ వచ్చి డజన్ల లెక్కన పట్టుకెళ్ళేది. అవి ఎవరి ఇంటికి వెళ్తాయో, ఏ బల్ల మీద పరుస్తారో అమ్మకి ఎప్పుడూ తెలీదు. చేతికి వచ్చే డబ్బులు చూస్తే ఇప్పటికీ నాకు బాధేస్తుంది, అంత పనికి అంత తక్కువా అని.

ఆ అల్లికే నేను ఇక్కడ కంగారూ పిల్లల కోసం అల్లుతున్నానండి, ఇవాళ ఆ సంగతి చెప్దామనే వచ్చాను.

ఇక్కడ రాత్రిపూట రోడ్డు మీద కార్లు గుద్ది కంగారూలు చనిపోతుంటాయి కదా, తల్లి చనిపోయినా కడుపు సంచిలో పిల్ల బతికే ఉంటుంది చాలాసార్లు. గ్రే కంగారూ పిల్ల దాదాపు పదకొండు నెలలు ఆ సంచిలోనే పెరగాలి, మరి తల్లి లేకపోతే? ఆ పిల్లల్ని పెంచడానికి పర్మిషన్ తీసుకున్న కేరర్లు ఉంటారు, వాళ్ళు ఇంట్లోనే పెట్టుకుని మూడు నాలుగు గంటలకోసారి దానికి సరిపడే స్పెషల్ పాలు పడతారు (ఆవుపాలు పడవండి, దయచేసి ఎవరూ పట్టకండి). ఒంటి మీద బొచ్చు కూడా రాని పిల్లలకి వెచ్చదనం, చీకటి, చుట్టూ నొక్కినట్టుండే సంచి ఉండాలి, లేకపోతే బెదిరిపోతాయి. అందుకని రెండు పొరల సంచి వాడతారు, బయట ఊలుతో అల్లినది, లోపల మెత్తటి కాటన్ గుడ్డతో కుట్టినది. లోపలిది పాలు పట్టిన ప్రతిసారీ తడిసిపోతుంది, తీసి ఉతకాలి, అంటే ఒక్క పిల్లకే రోజుకి ఎన్ని కావాలో మీరే లెక్కేసుకోండి.

నేను మొదట చేసినవి ఆరు సంచులు. ఎంత ప్రేమగా చేశానంటే, అమ్మ నేర్పిన పువ్వులన్నీ వేసి, పువ్వుకీ పువ్వుకీ మధ్య చైన్లు లాగి, అంచుకి చిన్న చిన్న రింగులు పెట్టి, ఉతికి ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళాను. కేరర్ చాలాసేపు చూసింది, చాలా బాగుంది అంది, ఆ తర్వాత తన చిటికెన వేలు ఒక చిల్లులోంచి బయటికి పెట్టి చూపించింది. ఇలాగే పిల్ల కాలి గోరు దూరుతుంది, దారం వేలికి చుట్టుకుంటుంది, అది తన్నుకునే కొద్దీ బిగుసుకుంటుంది, రక్తం ఆడదు, రాత్రి నేను చూసుకోకపోతే పొద్దున్నకి వేలు పోతుంది అని చెప్పింది. నేను ఆ ఆరూ వెనక్కి తెచ్చేసుకున్నాను. కార్లో ఏడుపొచ్చేసింది, నా పని పోయినందుకు కాదు, అడక్కుండా ఎందుకు చేశానా అని.

లేసు అందమంతా చిల్లుల్లోనే ఉంటుంది కదండీ, ఎంత సన్నటి చిల్లు ఎంత సమానంగా వస్తే అంత పనితనం అనేవారు మా వైపు. ఇక్కడ చిల్లు ఉండకూడదు. అదే చెయ్యి, అదే సూది పట్టుకోవడం, కానీ బిగించి అల్లాలి. ఎనిమిది ప్లై ఊలుకి (ప్లై అంటే దారం లావు) మామూలుగా నాలుగు ఎంఎం సూది వాడతారు, నేను మూడున్నర వాడతాను, అప్పుడు వెలుతురు కూడా దూరదు. ఇంకోటి జాగ్రత్తండి, యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనే అల్లికనే ఇక్కడి పాటర్న్లలో డబుల్ అంటారు, అది చూసుకోకపోతే అల్లిక వదులైపోతుంది, నాకు రెండు సంచులు అలాగే విప్పాల్సొచ్చింది. ఊలు అచ్చం ఊలే కొనండి, అక్రిలిక్ చవక నిజమే కానీ గాలాడదు.

ఈ అడగడం అనేది ఎందుకు అంతలా చెప్తున్నానంటే, మన మెల్బోర్న్‌కి దగ్గర్లోనే ఫిలిప్ ఐలాండ్ ఉంది కదా, అక్కడ 2001లో సముద్రంలో ఆయిల్ పడి 438 చిన్న పెంగ్విన్లు తడిసిపోతే వాటికి అల్లిన స్వెట్టర్లు తొడిగారు. ఆయిల్ అంటితే ఈకల్లోకి నీళ్ళు దిగి చలికి వణికిపోతాయి, పైగా ముక్కుతో శుభ్రం చేసుకుంటూ ఆ ఆయిల్ మింగేస్తాయి, కడిగేదాకా స్వెట్టర్ దాన్ని ఆపుతుంది. వాటిలో 96 శాతం బతికి బయటపడ్డాయి. ఆ కథ ప్రపంచమంతా తిరిగింది, స్వెట్టర్లు వచ్చి పడ్డాయి, అవసరానికి మించి వచ్చినవి బొమ్మ పెంగ్విన్లకి తొడిగి అమ్మి ఆ డబ్బు వాటికే ఖర్చు పెడుతున్నారు. 2015లో అడవి మంటల్లో కాళ్ళు కాలిన కోలాలకి కాటన్ గ్లవ్స్ కుట్టమన్నప్పుడు కూడా అంతే. 2019-20 అడవి మంటలప్పుడైతే ఎన్ని దేశాల నుంచి సంచులు వచ్చాయంటే, ఇక పంపకండి అని చెప్పాల్సొచ్చింది. జనానికి మనసు లేక కాదండి, మనసు ఉంది, కావలసినది ఏంటో కనుక్కోవడమే మిగిలింది. నేను ఇప్పుడు నెలకోసారి ఫోన్ చేస్తాను. పోయిన నెల అల్లినవి చాలు, లోపలి గుడ్డలు లేవు అన్నారు.

ఆ గుడ్డల సంగతి మీ అందరి కోసం. అల్లిక రానివాళ్ళు కూడా చెయ్యొచ్చు. ఇంట్లో పాత కాటన్ దుప్పట్లు, పాత నైటీలు, ఉతికి ఉతికి మెత్తబడిన చీరలు ఉంటాయి కదా, జరీ అంచు కత్తిరించేసి, లేసున్నది పక్కన పెట్టేసి, రెండు పక్కలా కుట్టండి. కుట్టు మాత్రం పిల్లకి తగలని వైపు, అంటే బయటికి ఉండాలి, కింద మూలలు గుండ్రంగా తిప్పాలి. మా అత్తగారు వచ్చినప్పుడు మావగారి పాత పంచెతో పద్నాలుగు కుట్టారు, వాటిలో ఒకదాంట్లో పిల్ల ఉన్న ఫోటో కేరర్ పంపితే ఆవిడ ఊరంతా చూపించుకున్నారు.

అమ్మకి వీడియో కాల్‌లో సంచి చూపించాను. దగ్గరగా పెట్టమంది, కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది, ఇంత బిగువుగానా, దారం ఎంత పడుతుందే అంది. తర్వాత, ఇది ఎవరికి వెళ్తుందో నీకు తెలుసా అనడిగింది. తెలుసమ్మా, కారు గుద్దిన తల్లి దగ్గర దొరికిన పిల్లకి అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, ఊలు పంపించవే, నేనూ ఒకటి వేస్తాను అంది.

ఆవిడ వేసింది ఆ బల్ల మీద చివర్న ఉంది, బూడిద రంగుది. మీరు వెళ్ళేలోపు ఒక్కొక్కటీ తీసుకుని లోపల చెయ్యి పెట్టి, వేళ్ళు విప్పి మెల్లగా తిప్పి చూడండి, ఎక్కడైనా దారం వేలికి తగిలితే నాకు చెప్పండి, అది పక్కన పెట్టేద్దాం.