వాటా పంచుకున్న అన్నదమ్ములు

శ్రోతలకు నమస్కారం, సలాం.

మన విశాఖ రైల్వేస్టేషన్‌ను ఇంకా వాల్తేరు అని పిలుస్తున్న రోజుల్లో, 1921 సెప్టెంబరు 14న, అక్కడ ఒక అరెస్టు జరిగింది. కలకత్తా నుంచి మద్రాసు వెళ్తున్న గాంధీగారి వెంట, టర్కీ ఖలీఫా పదవిని కాపాడాలన్న ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా మహమ్మద్ అలీ, ఆయన భార్య ఉన్నారు. పోలీసులు మౌలానాను ఇక్కడే పట్టుకున్నారు. బేగం మాత్రం ప్రయాణం ఆపలేదు. గాంధీగారితో పాటు మద్రాసు వెళ్లిపోయారు. బ్రిటిష్ సైన్యంలో కొలువు చెయ్యడం ముస్లింలకు తగదని కరాచీ సభలో చేసిన తీర్మానం మీద తర్వాత కేసు నడిచింది. శారదా పీఠం శంకరాచార్యులు భారతీకృష్ణ తీర్థస్వామి కూడా అందులో ముద్దాయే. ఆయన్ని విడిచిపెట్టారు. మౌలానాకు, ఆయన అన్న షౌకత్ అలీకి రెండేళ్ల కఠిన శిక్ష పడింది.

ఎక్కడి టర్కీ, ఎక్కడి వాల్తేరు! మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయిన టర్కీ సుల్తాను ముస్లింలకు ఖలీఫా, అంటే మతాధినేత కూడా. ఆయన గద్దె కోసం మన దేశంలో జనం జైళ్లకు వెళ్లారు. "విశ్వాసులు ఒకరికొకరు సోదరులే" అని ఖురాన్ 49వ అధ్యాయంలో ఉంది. ఆ మాటకున్న బలం అంతటిది. అది సమాజాన్ని ఎలా మార్చింది, రాజకీయాల్లో పడ్డాక ఏమైంది అన్నది ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు మదీనాకు వెళ్దాం. 622లో ప్రవక్త ముహమ్మద్, ఆయన అనుచరులు మక్కా విడిచి అక్కడికి చేరారు. చాలామంది కట్టుబట్టలతో వచ్చినవాళ్లే. మక్కా వాళ్లు వ్యాపారులు, మదీనా వాళ్లు ఖర్జూర తోటల రైతులు. ఇంతమంది ఒక్కసారిగా వచ్చి పడితే ఏ ఊళ్లోనైనా టెన్షన్ తప్పదు. కలిసిమెలిసి ఉండండని చెప్పి ఊరుకోలేదు ప్రవక్త. మక్కా నుంచి వచ్చిన ఒకరిని, మదీనా మనిషి ఒకరిని జత కలిపి, ఇకమీదట మీరిద్దరూ అన్నదమ్ములు అన్నారు. మొదట్లో ఆ జతలో ఒకరు పోతే రెండోవారికి ఆస్తిలో హక్కు కూడా ఉండేది. వలస వచ్చినవాళ్లు నిలదొక్కుకున్నాక, వారసత్వం రక్తసంబంధీకులదేనని ఖురాన్ తేల్చింది.

అలా కుదిరిన ఒక జత గురించి కాస్త వివరంగా చెప్పాలి. సాద్ బిన్ రబీ మదీనాలో బాగా కలిగినవాడు. ఆయనకు జతపడినవాడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, మక్కా వ్యాపారి. "నా ఆస్తిలో సగం నీది" అన్నాడు సాద్. "దేవుడు నిన్నూ నీ సంపదనూ చల్లగా చూడాలి. నాకు బజారు ఎటో చూపించు" అన్నాడు అబ్దుర్రహ్మాన్. ఆయనకు చూపించింది ఖైనుఖా అనే యూదు తెగ వారి బజారు. వెళ్లి బేరసారాలు చేసి, ఎండబెట్టిన పెరుగు గడ్డలు, కాస్త నెయ్యి సంపాదించుకుని వచ్చాడు. కొద్దిరోజులకే వధువుకు వరుడివ్వాల్సిన మెహర్‌గా బంగారం ఇచ్చి పెళ్లి కూడా చేసుకున్నాడు. సగం ఇస్తానన్నవాడి మనసు ఎంత పెద్దదో, వద్దన్నవాడి ఆత్మాభిమానం అంత గొప్పది. తోటల దగ్గరా ఇంతే. మా చెట్లు పంచేయండని మదీనా రైతులు అడిగితే ప్రవక్త ఒప్పుకోలేదు. వచ్చినవాళ్లు తోటపని చెయ్యాలి, పండిన పంట ఇద్దరూ పంచుకోవాలి అన్న ఏర్పాటు కుదిరింది. మన పల్లెల్లో పాలికి చేసే రైతుకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

నా ఉద్దేశంలో ఇస్లాం చెప్పిన సోదరభావానికి ప్రాణం ఇక్కడే ఉంది. తిండిలో, పనిలో, గౌరవంలో వాటా ఇచ్చినప్పుడే అది నిలబడింది. ఒకప్పుడు బానిసగా బతికిన, అబిసీనియా మూలాలున్న బిలాల్ కాబా పైకెక్కి అజాన్ ఇస్తుంటే మక్కా పెద్దలకు మింగుడుపడలేదు. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద, తెల్లవాడికి నల్లవాడి మీద ఆధిక్యం లేదని 632లో తుది హజ్ సందర్భంగా ప్రవక్త చెప్పినట్టు, ఆయన మాటలను నమోదు చేసిన హదీసుల్లో ఉంది.

ఇప్పటికీ ఇది కళ్లారా చూడొచ్చు. శుక్రవారం మధ్యాహ్నం వన్‌టౌన్‌లో ఏ మసీదుకైనా వెళ్లండి. పోర్టులో మూటలు మోసే ఆయన చెమట చొక్కాతోనే వచ్చి నిలబడతాడు. పక్కన ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఏ ఆఫీసరో ఉంటాడు. భుజానికి భుజం తగలాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ముందొచ్చినవాడిది ముందు వరస. ఆలస్యంగా వస్తే ఎంత పెద్దమనిషైనా వెనక చెప్పుల దగ్గర నిలబడాల్సిందే. జకాత్ సంగతీ అలాంటిదే. నిర్ణీత స్థాయికి మించిన సంపద ఏడాదిపాటు నిలవుంటే అందులో 40వ వంతు ఇచ్చెయ్యాలి. ఎవరికివ్వాలో ఖురానే ఎనిమిది పద్దులు చెప్పింది. వాటిలో అప్పుల్లో మునిగినవాళ్లు, దారిలో చిక్కుబడ్డ ప్రయాణికులు కూడా ఉన్నారు. పుచ్చుకునేవాడు దానం అడుక్కున్నట్టు కాదు, అది అతని హక్కు.

రాజకీయాల దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయింది. ప్రవక్త మరణించి 50 ఏళ్లయినా నిండకముందే, 680లో, ఆయన మనవడు హుసేన్‌ను కర్బలాలో చంపినవాళ్లు కూడా తమను ముస్లింలమనే చెప్పుకున్నారు. మన ఊళ్లలో హిందువులు కూడా పీర్లను ఎత్తుకునేది ఆ దుఃఖం తలచుకునే. ఆ తర్వాత ఖలీఫాలుగా ఏలిన ఉమయ్యద్ వంశంవాళ్లు, ముస్లింలు కానివాళ్ల మీద వేసే జిజియా పన్నును, మతం మారిన పారశీకుల నుంచి కూడా వసూలు చేశారు. ఆ వంశంలోనే ఖలీఫా రెండో ఉమర్ దాన్ని ఆపించినా, 720లో ఆయన పోయాక పరిస్థితి మళ్లీ మొదటికొచ్చింది. ఆ కడుపుమంటే ఇరాన్ తూర్పున ఉన్న ఖొరాసాన్‌లో తిరుగుబాటుకు బలమిచ్చి, 750లో ఆ వంశాన్ని కూల్చింది. మన మౌలానా ఏ ఖలీఫా కోసం జైలుకెళ్లారో ఆ పదవిని 1924లో టర్కీ వాళ్లే రద్దు చేసుకున్నారు. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో ఒకే మతంవాళ్ల మీద సైన్యం తుపాకులు పేల్చింది. అధికారంలో, భాషలో వాటా ఇవ్వకుండా సోదరులారా అని పిలిస్తే ఎవరు పలుకుతారు?

సోదరభావమంటే మనవాళ్లేం చేసినా వెనకేసుకురావడం అనుకునేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు. దానికి ప్రవక్త జవాబు హదీసులో ఉంది. పీడితుడైనా, పీడించేవాడైనా నీ సోదరుడికి సాయం చెయ్యి అన్నారాయన. పీడించేవాడికి సాయమేమిటని పక్కనున్నవాళ్లు అడిగారు. అతని చెయ్యి పట్టుకుని ఆపడమే సాయం అన్నారు. నేటి రాజకీయ కార్యకర్తలు రోజూ వినాల్సిన మాట ఇది.

ప్రవక్త కాలంలో కుదిరిన మదీనా ఒడంబడికలో యూదులకు వారి మతం, ముస్లింలకు వారి మతం అని రాసుకున్నారు. ఆ పొత్తు ఎక్కువకాలం నిలవలేదు, యుద్ధాలు వచ్చాయి. అయినా వేరే మతంవాళ్లతో కలిసి ఒక ఊరిని కాపాడుకోవాలన్న ఆలోచన ఆనాడే ఉందని మనం మరవకూడదు. మన హార్బరు పక్కన వేంకటేశ్వరుడి గుడి, మేరీమాత చర్చి, ఇస్హాక్ మదనీ దర్గా పక్కపక్క కొండల మీదే ఉన్నాయి. దర్గా మెట్లెక్కే హిందువులను నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఇక మా ఇంటి సంగతి, అంటే మా ముస్లింల సంగతి మాట్లాడాలి. 1964లో మక్కా నుంచి రాసిన ఉత్తరంలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్, తెల్లవాళ్లతో ఒకే పళ్లెంలో తిన్నానని ఆశ్చర్యపోయాడు. మనకు కంచం పొత్తు ఎప్పుడో వచ్చింది, మంచం పొత్తే రాలేదు. సయ్యద్‌లు, పఠాన్‌లు దూదేకుల ఇంటికి పిల్లనివ్వడానికి ఇప్పటికీ వెనకాడతారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీల వంటివాళ్లు చదువులో, బతుకుతెరువులో వెనకబడ్డారని గుర్తించే 2007లో మన రాష్ట్రం బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారిని అందులోంచి మినహాయించింది కూడా. మసీదు వరసలో కనిపించని తేడాలను ప్రభుత్వం కాగితం మీద రాయాల్సి వచ్చింది. ఆ రిజర్వేషన్ న్యాయమేనని నేను గట్టిగా నమ్ముతాను. కానీ చట్టం కాలేజీ సీటు ఇప్పించగలదు గానీ పెళ్లిచూపులకు తీసుకెళ్లలేదు కదా.

నికాహ్‌కు కావలసింది ఇద్దరి సమ్మతి, మెహర్, సాక్షులు. కులం ఊసే లేదు. మన నగరంలోని ఇమాంలకు, జమాత్ పెద్దలకు ఈ రేడియో ద్వారా నా విన్నపం ఒకటే. వచ్చే శుక్రవారం మసీదు ప్రసంగంలో, బయానులో, ఈ పెళ్లి సంబంధాల విషయమే ఎత్తండి. ఉర్దూ రానివాళ్లకూ అర్థమయ్యేలా, దయచేసి తెలుగులో మాట్లాడండి.