పటంలో మాత్రమే ఉన్న ఉత్తర ఖండం

శ్రోతలకు నమస్కారం.

ఈ ప్రసంగం ఒక ఖండం గురించి. ఆ ఖండం లేదు, ఎన్నడూ లేదు. అయినా దానికి నదులున్నాయి, ప్రాంతాలున్నాయి, కొండ ఉంది, జనం ఉన్నారు, ఏ చోట చలి ఎంతో తెలిపే వివరాలు కూడా ఉన్నాయి. పదహారో శతాబ్దంలో ఐరోపాలోకెల్లా పేరుమోసిన పటకర్త గెరార్డస్ మెర్కేటర్, 1569లో అచ్చువేసిన ప్రపంచ పటంలో ఒక మూల, భూమికి ఉత్తరపు కొసన, ఈ ఖండాన్ని గీశాడు. ఆయన చనిపోయిన మరుసటి ఏడు, అంటే 1595లో, అదే ఖండం ఒక పూర్తి పటంగా వెలువడింది. ఆయన జీవిత విశేషాలను ఈ కొద్ది సమయంలో ఎత్తుకోను. పటం దగ్గరికే వెళదాం.

రేడియోలో పటం చూపించలేను కాబట్టి, దగ్గర్లో కాగితం ఉన్నవారు ముగ్గు వేసినట్టుగా నడుమ ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ నాలుగు వెడల్పాటి రేకులు గీయండి. నడిమి చుక్క ఉత్తర ధ్రువం. అక్కడ నల్లని అయస్కాంత శిల ఒకటి, చుట్టుకొలత దాదాపు 33 లీగులని పటం మీదనే రాసి ఉంది. లీగు అంటే ఆనాటి దూరపు కొలత. నాలుగు రేకులు నాలుగు పెద్ద భూభాగాలు. రేకుల మధ్య సందులు నాలుగు నదులు. ఒక భూభాగం ఉత్తర దేశాలన్నిటిలోనూ శ్రేష్ఠమైనది, ఆరోగ్యకరమైనది అని మెర్కేటర్ రాశాడు. మరొకదానిలో నాలుగడుగులకు మించని పొట్టివారు నివసిస్తారన్నాడు. ఒక నది అయిదు ముఖద్వారాలతో లోపలికి వస్తుంది, ఇరుకుగా, వడిగా ఉండడం వల్ల అది ఎప్పుడూ గడ్డకట్టదు. ఇంకొక నదికి మూడే ముఖాలు, అది ఏటా మూడు నెలలు గడ్డకట్టి ఉంటుంది. చూడండి, కంటితో చూసి కొలిచి వచ్చినవాడు కూడా ఇంత నిబ్బరంగా రాయడు. ఆ సమాచారం పద్నాలుగో శతాబ్దపు యాత్రికుడెవరో రాసిన పుస్తకం నుంచి వచ్చిందని, దాన్ని మరొక యాత్రికుడు తన రచనలో చెప్పగా తాను తీసుకున్నానని మెర్కేటరే 1577లో ఒక ఆంగ్ల పండితుడికి ఉత్తరం రాశాడు. ఆ రెండు పుస్తకాలూ ఈనాడు దొరకవు.

ఇప్పుడు మీ కాగితం మీద నదులకు బాణం గుర్తులు వేయండి. నీళ్లు ఎటు పోతున్నాయి? మెర్కేటర్ పటంలో సముద్రపు నీరు పంతొమ్మిది ముఖాల గుండా భూభాగాల మధ్యకు చొరబడి, నాలుగు నదులై, ఎడతెగకుండా ధ్రువం వైపు పరుగెత్తి, ఆ నల్ల శిల చుట్టూ భూగర్భంలోకి ఇంకిపోతుంది.

శ్రీకూర్మంలోనో రామతీర్థంలోనో పురాణ కాలక్షేపానికి కూర్చున్న పెద్దలకు ఈ బొమ్మ ఎక్కడో విన్నట్టుగా తోచి ఉంటుంది. మన పురాణాలలో లోకం రూపాన్ని చెప్పే భువనకోశ వర్ణనలోనూ నడుమ మేరువు ఉంది, చుట్టూ నాలుగు దిక్కులా వర్షాలనే భూభాగాలున్నాయి, నాలుగు నదులున్నాయి, ఉత్తరాన కోరినవి ఇచ్చే చెట్లతో, జబ్బులెరుగని జనంతో ఉత్తరకురు దేశం ఉంది. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారని నేననను, దానికి ఆధారం లేదు. నన్ను ఆకర్షించే సంగతి వేరు. మన పురాణంలో గంగ మేరువు మీద పడి, సీత, అలకనంద, చక్షు, భద్ర అనే నాలుగు పాయలుగా చీలి, నలుదిక్కులకూ దిగి సముద్రంలో కలుస్తుంది. అంటే నీరు ఎత్తు నుంచి పల్లానికి పోతుంది. మెర్కేటర్ ఖండంలో సముద్రమే కొండ దగ్గరికి వస్తుంది. రెండూ ఊహలే అయినా, ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ని గనుక నా ఓటు పురాణానికే.

మెర్కేటర్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నార్వే తీరాన ఆటుపోట్ల వల్ల సముద్రంలో పెద్ద పెద్ద సుడులు పుట్టే చోటు నిజంగానే ఉంది. దిక్సూచి ముల్లు ఉత్తరం వైపే ఎందుకు తిరుగుతుందో కూడా అప్పటికి తెలియదు. భూమే ఒక పెద్ద అయస్కాంతమని విలియం గిల్బర్ట్ పుస్తకం రాసింది 1600లో. అంతవరకు, అక్కడెక్కడో అయస్కాంతపు కొండ ఉండబట్టే ముల్లు అటు లాగబడుతోందని అనుకోవడంలో వింతేమీ లేదు. సుడిలో పడే నీటికి ఒక కారణం, ముల్లుకు ఒక కారణం కావలసి వచ్చి ఖండమే పుట్టుకొచ్చింది.

తరువాతి కాలంలో ఈ ఖండం కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. 1596లో బారెంట్స్ అనే డచ్చి నావికుడు ఉత్తరాన స్పిట్స్‌బర్గెన్ దీవులను చూసి రావడంతో, తరువాతి ముద్రణలలో నాలుగు రేకులలో ఒకదాని అంచు చెరిపివేయక తప్పలేదు. ఆ తరువాత మూడు శతాబ్దాల పాటు ధ్రువం దగ్గర భూమి ఉందా, నీరు ఉందా అన్నది తేలలేదు. అది తేలడానికి దారి చూపింది ఒక లాగు అంటే మీరు నమ్మకపోవచ్చు.

1879లో జీనెట్ అనే అమెరికన్ ఓడ ఉత్తర ధ్రువం చేరాలని బయలుదేరి, సైబీరియాకు ఉత్తరాన మంచులో చిక్కుకుపోయింది. దాదాపు రెండేళ్లు మంచుతో పాటే కొట్టుకుపోయి, 1881 జూన్‌లో ఆ మంచు ఒత్తిడికే నలిగి మునిగిపోయింది. నావికులలో చాలామంది ఒడ్డు చేరే దారిలోనూ, చేరిన తరువాత ఆకలితోనూ చనిపోయారు. ఆ కథ అంతటితో ముగిసిందనే అందరూ అనుకున్నారు. కానీ 1884లో గ్రీన్‌లాండ్ నైరుతి తీరాన, అంటే ఓడ మునిగిన చోటికి ధ్రువానికి అవతలి వైపున, ఒక మంచు పలక మీద కొన్ని వస్తువులు దొరికాయి. ఓడ నాయకుడు డిలాంగ్ సంతకం చేసిన సరుకుల జాబితా, పడవల జాబితా, వాటితో పాటు నూనె పట్టించిన బట్టతో కుట్టిన ఒక లాగు. ఆ లాగు మీద లూయీ నోరోస్ అని పేరు రాసి ఉంది. నోరోస్ జీనెట్ నావికుడు. సాయం తేవడానికి డిలాంగ్ ముందుగా పంపిన ఇద్దరిలో ఒకడు, బతికి బయటపడ్డవాడు. మనిషి సైబీరియా మీదుగా ఇల్లు చేరాడు, అతని లాగు మంచు మీద ధ్రువం పక్కనుంచి ప్రయాణం చేసి గ్రీన్‌లాండ్ చేరింది.

ఈ వార్త చదివిన నార్వే యువకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ వేసుకున్న ప్రశ్న మనం ఇందాక వేసుకున్నదే. నీళ్లు ఎటు పోతున్నాయి? సైబీరియా వైపు మునిగిన ఓడలోని వస్తువులు మూడేళ్లలో గ్రీన్‌లాండ్ చేరాయంటే, ధ్రువ ప్రాంతాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటే ప్రవాహం ఉండి తీరాలి. అక్కడ నిజంగా నాలుగు రేకుల ఖండం ఉండి, నీరంతా నల్ల శిల కింద మాయమవుతూ ఉంటే, నోరోస్ లాగు భూగర్భంలో ఉండాలి గాని గ్రీన్‌లాండ్ ఒడ్డున ఉండకూడదు. మంచు నొక్కినప్పుడు నలగకుండా పైకి జారేలా గుండ్రటి అడుగుతో నాన్సెన్ ఫ్రామ్ అనే ఓడను కట్టించి, 1893లో కావాలనే దాన్ని మంచులో చిక్కించాడు. పెద్దలు కొందరు పిచ్చి పని అన్నారు. ఓడ మంచుతో కలిసి కదిలింది. సముద్రం లోతు చూద్దామంటే ఓడలో ఉన్న తాడు అడుగు తాకలేదు. నావికులు ఉక్కు మోకు ఒకదాన్ని విప్పి, పోగులు విడదీసి, మళ్లీ పేని పొడవైన తాడు చేసి దించితే, మూడు వేల మీటర్లు దాటిన లోతు తేలింది. 1896లో ఫ్రామ్ అవతలి వైపున చెక్కుచెదరకుండా బయటపడింది. మెర్కేటర్ ఖండం ఉండవలసిన చోట లోతైన సముద్రం ఉంది, దాని మీద కదిలే మంచు ఉంది. ధ్రువం దగ్గర లోతు నాలుగు వేల మీటర్లు దాటుతుందని ఇప్పుడు మనకు తెలుసు.

మన తీరంలో కళింగపట్నం, భావనపాడు మత్స్యకారులకు ఈ తర్కాన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. తీరం వెంట నీరు వేసవి ముందు ఈశాన్యానికి, కార్తీక మాసం నాటికి నైరుతికి లాగుతుంది. ఒడ్డుకు కొట్టుకువచ్చిన దుంగను చూసి అది ఏ దిక్కు నుంచి వచ్చిందో వారు చెప్పగలరు.

ఉపాధ్యాయులకు, ఇంట్లో పిల్లలున్నవారికి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పిల్లలకు భూగోళం నేర్పేటప్పుడు ఊళ్ల పేర్లతో మొదలుపెట్టకండి, నదితో మొదలుపెట్టండి. నాగావళిని తీసుకోండి. కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే చోట పెన్సిలు పెట్టించి, శ్రీకాకుళం మీదుగా ఎగువకు గీయించండి. సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి వచ్చి కలిసే చోట ఒక్క క్షణం ఆపి, ఏ నీరు ఏ కొండ నుంచి దిగిందో అడగండి. తరువాత తోటపల్లి, అటుపైన రాయగడ, చివరికి కలహండి కొండలు. ఊళ్లు వాటంతట అవే గుర్తుంటాయి. పిల్లలు సొంతంగా మంచు ఖండం ఒకటి ఊహించి గీస్తామంటే తప్పక గీయనివ్వండి, పేర్లు వాళ్ల ఇష్టం, రాజ్యాలు వాళ్ల ఇష్టం. నదులకు బాణం గుర్తులు మాత్రం మీ ఎదుటే వేయించండి. ఏటి మొగలో పోటు వేళ సముద్రపు నీరు పైకి ఎక్కుతుంది కదా అని ఏ పిల్లవాడైనా వాదిస్తే, మార్కులు తగ్గించకండి, అది ఎంత దూరం ఎక్కుతుందో కనుక్కుని రమ్మనండి.

నమస్కారం.